ముత్యం పంచలో భీముడు

మా కొత్తపేటలో ఒక ఇంటికి తాళం పడితే ఎందుకని ఎవరూ అడగరు. కువైటో మస్కటో అయి ఉంటుందని అందరికీ తెలుసు. వెళ్లేవాళ్లు గేదెను పాలికిచ్చి, మిక్సీ, గ్రైండరు పుట్టింట్లో పడేసి, పిల్లల్ని అమ్మమ్మకి అప్పగించి రావులపాలెంలో బస్సెక్కుతారు. మా వెనక వీధి అమ్మాయి కువైట్ వెళ్లేటప్పుడు అన్నీ సర్దింది గానీ ఒక కుందేలు మిగిలిపోయింది. పిల్లాణ్ణి ఉంచే అమ్మమ్మగారింట్లో కుక్కలున్నాయి. "మీ ఇంట్లో ఎలాగూ ఒకటుంది కదా పిన్నీ, దానికీ తోడుంటుంది" అంటూ అరటిపళ్లు మోసే ప్లాస్టిక్ ట్రేలో పెట్టి, పైన అట్టముక్క మూసి తెచ్చేసింది. మర్నాడు విమానం ఎక్కే మనిషికి కుదరదని ఎలా చెప్తాం?

ఆ అమ్మాయి చెప్పిన ఆ ఒకదాని పేరు ముత్యం. తెల్ల కుందేలు, ఎర్ర కళ్లు, ఆడది. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా పట్టుబట్టి కొనిపించుకుంది. అప్పటినుంచీ మా వెనక పంచంతా దానిదే. నేను బట్టలు కుట్టేది కూడా ఆ పంచలోనే. మిషను కాళ్లు, నీళ్ల గోలెం, గుమ్మం చెక్క, కత్తిపీట, తులసికోట మెట్టు, ఆఖరికి మా అత్తగారి చేతికర్ర, పొద్దున్నే అన్నిటికీ గెడ్డం రాసి వచ్చేది. కుందేలు గెడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. మన ముక్కుకి అందదు గానీ ఇంకో కుందేలుకి అది సర్వే వాళ్లు పాతిన హద్దురాయి లాంటిది. చీపురు దాని గూటివైపు వెళ్తే గుర్రుమనేది. గడ్డి గిన్నె తీద్దామని చెయ్యి పెడితే వెనక కాళ్లమీద లేచి ముందుకాళ్లతో టపటపా కొట్టేది. ఆ రోషం మాకు వేడుకగా ఉండేది. వీధి పిల్లలు పనిగట్టుకుని చూడ్డానికి వచ్చేవారు.

వచ్చిన రెండోది బూడిదరంగు మగ పిల్ల. ఐదు నెలలుంటాయేమో. ముత్యంలో సగం కూడా లేదు. కువైట్ అమ్మాయి కొడుకు దానికి భీముడని పేరు పెట్టాడు.

ట్రేని ఆ అమ్మాయే పంచలో దింపి అట్టముక్క తీసింది. భీముడు ఒక గెంతు గెంతి బయటికొచ్చి నేలంతా వాసన చూస్తున్నాడు. ముత్యం మిషను కింద పడుకుని ఉంది. చెవులు రెండూ వీపుకి అంటుకుపోయాయి, తోక నిటారుగా లేచింది. ఎవరూ నోరు తెరిచేలోపే వెళ్లి మీదపడింది. తర్వాత ఏది ఏదో తెలియలేదు. తెలుపూ బూడిదా కలిసి బంతిలా నేలమీద గిరగిరా తిరిగాయి. ఒకదాని పొట్టకింద ఇంకోటి దూరి వెనక కాళ్లతో చీరుకుంటున్నాయి. బొచ్చు గుత్తులు గుత్తులుగా ఊడి నేను కుడుతున్న బట్టలమీద వాలింది. అంతసేపూ చప్పుడు లేదు. ఉన్నట్టుండి భీముడు అరిచాడు. కుందేలు అరుపు నేను అంతకుముందు వినలేదు. పసిపిల్ల కేక అది. మా అత్తగారు లోపల్నుంచి "ఎవరి పిల్ల పడింది?" అంటూ వచ్చింది.

చేతికి అందిన చేట తీసి రెండిటి మధ్యా అడ్డంగా దింపాను. ముత్యానికి అప్పటికి కంటికి ఏమీ ఆనడం లేదు. బొటనవేలు మొదట్లో పట్టి వదిలింది. సూది దిగినట్టు రెండు గాట్లు, వాటి మధ్య సన్న చీలిక. ఆసుపత్రిలో టీటీ ఇంజెక్షన్ చేస్తూ నర్సమ్మ రెండుసార్లు అడిగింది, "కుందేలాండీ? కుందేలు కరిచిందాండీ?" అని. భీముడికి చెవి అంచు చీలింది. వీపుమీద బొచ్చు ఊడిన చోట పళ్లు దిగిన గుర్తులున్నాయి.

ఆ సాయంత్రానికి మా వీధికి కావాల్సినంత కబురు దొరికింది. సంక్రాంతికి కోడిపందేలు చూసి పెరిగిన ఊళ్లు మావి. కుర్రాళ్లు గోడమీంచి తొంగిచూసి "ముత్యం మీద వంద" అని నవ్వారు. పెద్దవాళ్లు మాత్రం నిజంగానే సలహా చెప్పారు. "వదిలేయండి ఆయ్. రెండ్రోజులు కొట్టుకుని అవే సర్దుకుంటాయి" అన్నారు. అన్నవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. కానీ నాకు వచ్చిన సలహాలన్నిటిలోకీ చెడ్డది ఇదే. బయలులో అయితే ఓడిన కుందేలు పారిపోతుంది, గెలిచింది నాలుగడుగులు తరిమి వెనక్కి వస్తుంది. తలుపేసిన పంచలో ఓడినది ఎక్కడికి పోతుంది? అది కళ్లముందే ఉన్నంతసేపూ రెండోది దెబ్బ ఆపదు.

మా చెల్లెలి కొడుకు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో చదువుతున్నాడు. రాత్రి వాడికి ఫోను చేస్తే నవ్వలేదు. "పెద్దమ్మా, ఫారాల్లో ఆడ కుందేలు బోనులోకి మగదాన్ని ఎప్పుడూ వదలరు. ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్తారు, పని కాగానే వెనక్కి తెచ్చేస్తారు. తన చోటులోకి వస్తే మగదైనా సరే చీల్చేస్తుంది" అన్నాడు. ఇంకా చెప్పాడు. మన పొలంగట్ల మీద ఎప్పుడైనా కనపడే అడవి కుందేలు వేరే జాతి. అది బొరియ తవ్వదు, ఒంటరిగా బతుకుతుంది, దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇళ్లలో పెంచేవాటి పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల కుందేళ్లు. అవి నేలలో సొరంగాలు తవ్వుకుని గుంపుగా ఉంటాయి. గుంపు లోపల పెద్దా చిన్నా అంతరం ఉంటుంది, బయటివాటిని రానివ్వవు. లాక్లీ అని వేల్స్‌లో ఒకాయన బొరియల పక్కన అద్దాలు బిగించి వాటి కాపురాలు చూసి 1964లో ఒక పుస్తకమే వేశాడట. మంచి బొరియ కోసం ఆడవి ఒకదాన్నొకటి చంపుకునేంత దాకా వెళ్తాయని మావాడు చెప్తుంటే, నేను మిషను కింద కాళ్లు చాపుకుని పడుకున్న ముత్యం వైపు చూశాను. మా పంచే దాని బొరియ.

వెల్డింగ్ షాపులో ఇనపజాలీ చట్రాలు రెండు చేయించి పంచని రెండు ముక్కలు చేశాం. రెండు ఎందుకంటే ఒక్క జాలీ అయితే సందులోంచి ముక్కులు కొరుక్కుంటాయి. మధ్యలో జానెడు సందు వదిలాం. కష్టం తీరిందనుకున్నాం గానీ అసలు కష్టం అక్కడినుంచే. జాలీ అవతల పరాయి వాసన పగలూ రాత్రీ ఉండేసరికి ముత్యానికి నిద్ర లేదు. నేలకి వెనక కాలు దబ్‌మని కొట్టేది, ఒంటిగంటకి, రెండింటికి. మా ఆయన కొబ్బరి లోడుకి తెల్లారుజామునే లేవాల్సిన మనిషి. ఆయన దిండు చెవిమీద పెట్టుకుని పడుకునేవారు. ఎన్నడూ లేనిది, గూట్లో ఒక మూలే మూత్రం పోసే ముత్యం ఇల్లంతా చిమ్మడం మొదలెట్టింది. కార్తీకం వెళ్లాక మాకు పెళ్లి జాకెట్ల సీజను. ధర్మవరం పట్టుచీరలోంచి కత్తిరించిన జాకెట్టు ముక్క మీద పడింది ఒకరోజు. కుందేలు మూత్రం ఎండితే సున్నపు మరక లాగా తెల్లగా పట్టేస్తుంది. పెళ్లికూతురి తల్లి నన్నేమీ అనలేదు. ముక్కకి సరిపోయే గుడ్డ కోసం నేను రాజమండ్రి అంతా తిరిగాను. ఆ తర్వాత ఆ ఇంటినుంచి నాకు కుట్టుపని రాలేదు.

ఇంకో వింత జరిగింది. ముత్యం నోటినిండా కొబ్బరిపీచు కరుచుకుని మూలకి మోయడం మొదలెట్టింది. రాలిన డొక్కలు మా పెరట్లో ఎప్పుడూ ఉంటాయి. పీచు పరిచి, గెడ్డం కిందా రొమ్ముమీదా బొచ్చు తనే పీక్కుని పైన మెత్తగా వేసింది. మా అత్తగారు "మగాడు జాలీ అవతల ఉంటే ఇది చూలెలా అయిందే?" అంది. చూలు కాదు. మగ వాసన దగ్గర్లో ఉండి ఒళ్లు రేగితే ఆడ కుందేళ్లకి ఉత్తుత్తి చూలు వస్తుంది. రెండు వారాల పైచిలుకు ఉండి పోతుంది. ఆ రోజుల్లో దాని కోపానికి అడ్డు ఉండదు. నాకే కాదు, తిండి పెట్టే మా అమ్మాయికీ పంటి గాటు పడింది. పిల్ల కరిచినందుకు ఏడవలేదు, ముత్యం తనని గుర్తుపట్టడం లేదని ఏడ్చింది.

భీముడి వీపు దెబ్బ పైకి మానినట్టే మాని లోపల గడ్డకట్టింది. కుందేలుకి చీము నీళ్లలా కారదు, వెన్నముద్దలా గట్టిగా ఉంటుంది, పిండితే రాదు. ఇక్కడి పశువుల డాక్టరుగారు పొద్దుణ్ణుంచి గేదెలకీ మేకలకీ చూసి అలసిపోయి ఉన్నా, ఓపిగ్గా కోసి, శుభ్రం చేసి, ఎన్రోఫ్లాక్సాసిన్ రాసిచ్చారు. అది దొరక్క తిరుగుతుంటే ఒక మందుల షాపులో "అన్నీ ఒకటేనమ్మా" అని పిల్లలకి పోసే అమాక్సిసిలిన్ సిరప్ చేతిలో పెట్టారు. డబ్బులివ్వబోతూ ఎందుకో గన్నవరానికి ఫోను చేశాను. వాడు అరిచినంత పనిచేశాడు. పెన్సిలిన్ జాతి మందు నోటిద్వారా పోస్తే కుందేలు పేగులో గడ్డిని పులియబెట్టే మంచి సూక్ష్మజీవులన్నీ చస్తాయి, విషం పుట్టించేవి పెరుగుతాయి, ప్రాణం పోతుంది. మనుషుల పిల్లకి మంచిది కదా అని పోయకూడదు. అలాగే కుక్కలకి పేల కోసం మెడమీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కూడా కుందేలుకి తగలనివ్వొద్దని అప్పుడే చెప్పాడు.

గాయం భీముడిది. మంచం పట్టింది మాత్రం ముత్యం.

ఒకరోజు సాయంత్రం గరిక గుప్పెడు పెడితే వాసన కూడా చూడలేదు. మర్నాడు పొద్దున్న గూట్లో పెంటికలు ఆవగింజలంతేసి ఉన్నాయి, ఒకదానికొకటి బొచ్చుతో దారం గుచ్చినట్టు అతుక్కుని. మధ్యాహ్నానికి అవీ లేవు. వీపు గూనిలా పెట్టి, కళ్లు సగం మూసి, పళ్లు కొరుకుతూ మూల కూర్చుంది. అది నొప్పికి కొరకడం. కుందేలు పేగు రోజంతా నడుస్తూనే ఉండాలి. బెంగకో భయానికో నొప్పికో తిండి మానేస్తే పేగు ఆగుతుంది. ఆగితే లోపల గాలి చేరి నొప్పి పెరుగుతుంది, నొప్పికి ఇంకా తినదు. వాంతి చేసుకునే వీలు దానికి దేవుడు పెట్టలేదు. "పన్నెండు గంటలు తినకపోతే రేపు చూద్దామనుకోకు పెద్దమ్మా, ఇప్పుడే బయల్దేరు" అన్నాడు మావాడు.

అప్పటికప్పుడు ఆటో మాట్లాడుకుని రాజమండ్రి వెళ్లాం. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కేటప్పటికి చీకటి పడిపోయింది. నదిమీది గాలికి ముత్యం చెవులు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. కుందేలు ఒంటివేడి చెవుల్లో తెలుస్తుందని అప్పటికి నాకు తెలిసింది గనక చీరకొంగు కప్పి పొట్టకి హత్తుకున్నాను. నన్ను కరిచినదే. చెయ్యి వేస్తే ఒప్పుకోనిది ఆ రాత్రి జొన్నాడ నుంచి వేమగిరి దాకా నా చేతుల్లో కదలకుండా ఉంది. అలా ఊరుకోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అక్కడి డాక్టరమ్మ చర్మం కిందనుంచి సెలైన్ ఎక్కించింది, నొప్పికీ పేగు కదలడానికీ మందులిచ్చింది. సిరంజితో తినిపించడం నేర్పించింది. పచ్చగడ్డి కడిగి మిక్సీలో నీళ్లతో మెత్తగా తిప్పి, వడగట్టి, సూది తీసేసిన సిరంజిలోకి లాగి, ముందుపళ్ల పక్క సందులోంచి కొద్దికొద్దిగా పోయాలి. నోటికి ఎదురుగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటికొచ్చాక రాత్రంతా నేనూ మా అత్తగారూ వంతులేసుకున్నాం. మొదట్నుంచీ "ఎలకలాంటి జంతువుకి ఇంత ఖర్చా?" అని సణిగిన మనిషి, తువ్వాలు ఒళ్లో పరుచుకుని దాని పొట్ట మెల్లగా నిమురుతూ కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం ఒక పెంటిక పడింది. మా అత్తగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని వీధిగుమ్మంలోకి వెళ్లి మా ఆయనకి చూపించింది. మా ఇంట్లో లాటరీ తగిలినా అంత సందడి ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే ఒకాయన జాకెట్లు పట్టుకెళ్లడానికి వచ్చి, ఫారం కుందేలు మాంసం మంచి ధర పలుకుతోందనీ, ఒకటి తగ్గించుకుంటే గొడవ వదిలిపోతుందనీ చెప్పాడు. పెంపుడు కుందేలు మాంసం తినడం తప్పని చట్టం ఏమీ లేదు, ఆయన చెడ్డవాడూ కాదు. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. "జాకెట్ల డబ్బు ఇచ్చి వెళ్లండి అన్నయ్యగారూ" అన్నాను.

రెండిటికీ ఆపరేషన్ చేయించమని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఒళ్లో మదం ఉన్నంతకాలం జాలీ తీసే మాట మర్చిపోవాలంది. అదీగాక వయసు మళ్లిన ఆడ కుందేళ్లకి గర్భసంచి క్యాన్సరు చాలా ఎక్కువట. ముందు భీముడిది. మగదానికి చిన్న ఆపరేషన్. కానీ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా దానికి పిల్లల్ని పుట్టించే శక్తి మిగిలి ఉంటుంది. కుందేలు నెలరోజులకే ఈనుతుంది గనక ఆ గడువు తీరకుండా కలిపితే ఇద్దరి తగువు పదిమంది తగువు అవుతుంది. ముత్యానిది పొట్ట కోసి చేయాల్సిన పెద్ద ఆపరేషన్. అది బాగా కోలుకున్నాక మాఘంలో చేయించాం. మనకైతే రాత్రినుంచీ పస్తు పెడతారు. కుందేలుకి అలా చేయకూడదు, వాంతి భయం లేదు, పస్తుంటే పేగు ఆగే భయమే ఉంది. పొద్దున గడ్డి పెట్టే తీసుకురమ్మంది. రెండు ఆపరేషన్లకి అయిన ఖర్చుతో రెండు డజన్ల కుందేళ్లు వచ్చేవి. మా ఆయన ఆ లెక్క వేసి చెప్పారు కూడా, చెప్పి డబ్బులు ఇచ్చారు.

ఈ మధ్యలో సంక్రాంతి వచ్చింది. మా ఊరి ప్రభల తీర్థం అంటే బాణసంచా. ఊళ్లోవాళ్లకి అది ఏడాదికి సరిపడా సంబరం, కుందేలుకి ఆ మోత ప్రాణగండం. భయానికి గుండె ఆగి చచ్చేవీ ఉంటాయి. రెండిటినీ లోపలి గదిలోకి మార్చి, కిటికీలకి దుప్పట్లు కట్టి, మధ్యలో జాలీలు నిలబెట్టి, నేను పక్కన మిషను తొక్కుతూ కూర్చున్నాను. ఆ చప్పుడు వాటికి అలవాటు. మొదటి వరస పేలుడికి చెరో మూలకి దూరాయి. మోత ఆగేటప్పటికి చూస్తే చెరోవైపునుంచి జాలీని ఆనుకుని, ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి. మా అమ్మాయి జాలీ తీసేద్దామంది. మా అత్తగారు, "కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండుమంది రుద్రులు ఒక్కచోట కూర్చుంటారు, ఈ ఇద్దరికీ ఒక పంచ చాల్లేదా" అని మనవరాలికి వంత పాడింది. గన్నవరం మాత్రం ఒప్పుకోలేదు. భయంలో ఆనుకున్నంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కాదు, భయం పోగానే పాత లెక్క మొదలవుతుందన్నాడు. మోటారుసైకిల్ మీద తిప్పి భయపెడితే కలుస్తాయని మాకు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయొద్దన్నాడు.

మాఘం, ఫాల్గుణం అంతా జాలీ పనే. రోజు విడిచి రోజు చోట్లు మార్చేవాళ్లం, దాని గోతం దీనికీ దీని గోతం దానికీ వేసేవాళ్లం. తిండి రెండిటికీ ఒకేసారి, మొదట దూరంగా, తర్వాత గిన్నెలు కొంచెంకొంచెం జాలీ దగ్గరికి జరుపుతూ. ఎదుటిది కనపడితే తిండి వస్తుందని మనసుకి పట్టాలి. కొన్నాళ్లకి ముత్యం దాన్ని చూస్తూ నమలడం మానకుండా ఉండగలిగింది. అది చిన్న సంగతి కాదు, మొదట్లో దాన్ని చూస్తే నోట్లో గడ్డి కూడా వదిలేసేది.

ఎదురుబొదురు కలపాలంటే రెండిటిలో ఏదీ అడుగుపెట్టని చోటు కావాలి. పక్కింటివాళ్ల మేడమీద ఖాళీ గది అడిగాం. నున్నటి టైల్సు మీద కాళ్లు జారితే కుందేలు బెదురుతుందని గోతాలు పరిచాం. అట్టపెట్టెలు పెట్టాం, ప్రతి పెట్టెకీ రెండు దారులు కోసి. ఒక దారే ఉంటే లోపల దూరినది ఇరుక్కుపోతుంది. చేతిలో చేట పట్టుకుని నేనొక మూల, అమ్మాయి ఒక మూల. పరాయి గదిలో ముత్యం పెద్దరికం సగం తగ్గింది. గోడలవెంట వాసన చూస్తూ తిరిగింది. వెంటపడ్డం, ఒకదానిమీద ఒకటి ఎక్కడం ఉన్నాయి. కొద్దిసేపైతే ఎక్కనివ్వాలి, ఎవరు పెద్దో తేల్చుకునే పద్ధతి అది. తలవైపు ఎక్కితే మాత్రం వెంటనే దింపాలి, కిందది కొరికితే ప్రమాదం. చెవులు వెనక్కి పడి తోక లేచిందంటే ఆలోచించకుండా చేట దించాలి. పావుగంట గొడవలేకుండా గడిస్తే అక్కడికి ఆపి కిందికి తెచ్చేసేవాళ్లం. బాగుందని పొడిగిస్తే చివర్లో చెడుతుంది.

ఒకరోజు ముత్యం నడుచుకుంటూ వెళ్లి భీముడి గెడ్డం కింద తల పెట్టి నేలకి ఆనించింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. లొంగిపోయిందనుకుని మా అమ్మాయి జాలిపడింది. ఫోనులో వీడియో చూసిన గన్నవరం కుర్రాడు నవ్వాడు. "లొంగడం కాదు, తల నాకమని ఆజ్ఞ" అన్నాడు. భీముడు కాసేపు ఆలోచించి నుదురు నాకడం మొదలెట్టాడు. ముత్యం కళ్లు మూసుకుంది.

మేడమీద కుదిరింది కదా అని కిందికి తేగానే పంచలో మళ్లీ కొట్టుకున్నాయి. జాకెట్టు గుడ్డలు తడిసిన నాటికంటే, రాజమండ్రి రాత్రికంటే, నేను కుంగిపోయింది ఆ రోజు. అన్ని నెలల పని ఒక్క నిమిషంలో బొచ్చయి ఎగిరింది. తర్వాత అర్థమైంది, పంచలో ప్రతి వస్తువూ ముత్యం పేరే చెప్తోందని. అంతా బయటపడేశాం. గచ్చు, గోడల కిందిభాగం, గుమ్మం చెక్క, గోలెం వెనిగర్ నీళ్లతో కడిగాం. అత్తగారి చేతికర్ర కూడా కడిగాం. మిషను ముందుగదిలోకి మార్చేశాను. గూడు తీసేసి రెండిటికీ కొత్తవి, వేరే మూలల్లో పెట్టాం. పంచ గుర్తుపట్టలేనట్టయ్యాక మేడమీద మొదటినుంచి మళ్లీ ఆరంభించాం.

వైశాఖం వచ్చేసరికి ఆపాల్సి వచ్చింది. కోనసీమ ఎండ అంకెల్లో మరీ ఎక్కువ కనపడదు, ఉక్క చంపుతుంది. కుందేలుకి చెమట పట్టదు, వేడంతా చెవుల్లోంచే పోవాలి. ముప్పై అయిదు డిగ్రీలు దాటితే దానికి గండమే. నీళ్లసీసాలు గడ్డకట్టించి గుడ్డచుట్టి పక్కన పెట్టడం, తడి గోతాలు వేలాడదీయడం, చెవులు తడి గుడ్డతో తుడవడం, ఇదే సరిపోయింది. అలాంటప్పుడు పోట్లాట పెట్టకూడదు. తొలకరి పడి గాలి చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పంచలో కలిపితే ముత్యం ఒక్కసారి తరిమింది, భీముడు పెట్టెలోకి ఒక దారిన దూరి రెండో దారిన వచ్చాడు, అంతే. ఆ తర్వాత గిన్నె దగ్గర రెండు తలలూ కలిశాయి.

ఇప్పుడు పగలంతా కలిసే ఉంటాయి. రాత్రిళ్లు చాలాకాలం జాలీ వేశాం, ఈమధ్యే మానేశాం. మిషను మాత్రం ముందుగదిలోనే ఉండిపోయింది. అక్కడ వెలుతురు తక్కువ, నాకు కళ్లజోడు వచ్చింది. కువైట్ నుంచి ఆ అమ్మాయి వీడియోకాల్ చేసినప్పుడల్లా పిల్లాడు భీముణ్ణి ఎప్పుడు తెచ్చుకుందామని అడుగుతాడట. వచ్చినప్పుడు ఎన్నిరోజులైనా మా ఇంట్లో ఉండి ఆడుకోమన్నాను, తీసుకెళ్లడం మాత్రం కుదరదని చెప్పేశాను. జత కుదిరిన కుందేళ్లని విడదీస్తే మిగిలినది తిండి మానేస్తుంది, మళ్లీ కలిపితే మళ్లీ మొదటినుంచి.

మీ ఇంట్లో ఒక కుందేలు ఉండగా ఇంకొకటి వచ్చిపడితే దయచేసి దాన్ని పాతదాని చోట దింపకండి. మొదటి రోజే విడి గది, రెండు జాలీలు, చేతికందేచోట ఒక చేట పెట్టుకోండి. కుందేలుకి ఆపరేషన్ చేయగల డాక్టరు ఎక్కడున్నారో అవసరం రాకముందే కనుక్కోండి. కొబ్బరితోటల్లో గడ్డి కోసేముందు కలుపుమందు కొట్టారేమో తోటవాళ్లని అడగండి. నెలల తరబడి ఇదంతా చేసే ఓపిక లేదనిపిస్తే అందులో సిగ్గుపడేదేమీ లేదు, జాలీకి చెరోవైపున ఉంచే పెంచుకోండి. కొట్టుకుని అవే సర్దుకుంటాయని చెప్పినవాళ్లకి మాత్రం మా భీముడి చెవి చూపించడానికి నేను సిద్ధం. కొత్తపేట వచ్చి కుందేళ్ల కుట్టుమిషనావిడ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చెప్తారు.